పదహారో స్థానం నుంచి అట్లాంటా దాకా

2024 సీజన్ ఇంకా మొదలుకాకముందే, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే యూనివర్సిటీల కూటముల్లో ఒకటైన బిగ్ 12 కాన్ఫరెన్స్ ఆటలను అనుసరించే విలేకరులు ఓట్లు వేసి అందులోని పదహారు జట్లలో ఎవరు ఏ స్థానంలో నిలుస్తారో చెప్పారు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి దక్కింది పదహారో స్థానం. అంతకుముందు ఏడాది ఆ జట్టు పన్నెండు మ్యాచుల్లో మూడే గెలిచింది. పాత పాక్ 12 కాన్ఫరెన్స్ చెల్లాచెదురు కావడంతో ఈ కొత్త కాన్ఫరెన్సులో ఆడబోతున్న తొలి ఏడాది కూడా అదే. విలేకరుల లెక్కను క్యాంపస్‌లో ఎవరూ పెద్దగా తప్పుపట్టలేదు.

ఆ ఆగస్టులోనే నేను ఎం.ఎస్. చదవడానికి ఒంగోలు నుంచి ఆ యూనివర్సిటీ ఉన్న టెంపీ వచ్చాను. ఆ జట్టు ఆడిన సీజన్‌ను మొదటి వారం నుంచి చివరి మ్యాచ్ దాకా ఏదీ వదలకుండా చూశాను, కొన్ని స్టేడియంలో, మిగిలినవి టీవీలో. ఇక్కడికి చదువుకు వచ్చే మనవాళ్లు చాలామంది ఏదో ఒక శనివారం ఈ ఆటను గంటసేపు చూసి, ఆగి ఆగి నడుస్తోందని విసుక్కుని వదిలేస్తారు. వాళ్లను దృష్టిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను. కాలేజీ ఫుట్‌బాల్ ఒక్క మ్యాచ్‌తో రుచి తెలిసే ఆట కాదు. ఒక జట్టును ఎంచుకుని సీజన్ పొడుగునా దాని వెంట నడవాలి. ఎవరూ ఏమీ ఆశించని జట్టయితే మరీ మంచిది. రెగ్యులర్ సీజన్‌లో ఉండేవి పన్నెండే మ్యాచులు. వారానికి ఒకటి. ఒకటి ఓడితే దాని బరువు డిసెంబరు దాకా మోయాలి. ఆ వారం రోజుల ఎదురుచూపులోనే ఈ ఆట మనిషిని పట్టుకుంటుంది.

ముందుగా టికెట్ల సంగతి చెప్పాలి. ఇక్కడ విద్యార్థుల ఫీజులోనే క్రీడల రుసుము కలిసి ఉంటుంది. సొంత స్టేడియంలో జరిగే మ్యాచులకు వేరే డబ్బు కట్టనక్కర్లేదు, ఆన్‌లైన్‌లో ముందుగా సీటు తీసుకుంటే చాలు. తెలుగు విద్యార్థుల్లో ఈ సంగతి తెలియనివాళ్లే నాకు ఎక్కువగా కనిపించారు. మా గదిలో ఉండే వరంగల్ అమ్మాయి అయితే, ఇప్పటికే డబ్బు కట్టినదాన్ని వదులుకోవడం ఏమిటంటూ నాకంటే ముందు బయలుదేరింది. వెళ్లేవాళ్లు చేతిసంచి ఇంట్లో పెట్టి రండి. లోపలి వస్తువులు బయటికి కనిపించే ప్లాస్టిక్ సంచినే రానిస్తారు.

స్టేడియం క్యాంపస్‌ను ఆనుకునే ఉంటుంది. 1958లో రెండు గుట్టల నడుమ కట్టారు. ఒక గుట్ట మీద పెద్ద ‘ఏ’ అక్షరం ఎంతో దూరానికి కనిపిస్తుంది. ఆ ఏడాది ఫీనిక్స్‌లో వరుసగా 113 రోజులు పగటి వేడి 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గలేదు. ఆ ఎండ వల్లనే సీజన్ తొలి వారాల్లో ఇక్కడి మ్యాచులు పొద్దు గుంకాకే మొదలవుతాయి. ఆగస్టు 31 రాత్రి వయోమింగ్‌తో జరిగిన తొలి మ్యాచ్‌కు వెళ్లినప్పుడు, చీకటి పడ్డాక కూడా కూర్చునే బల్లలు చురుక్కుమన్నాయి. అయినా విద్యార్థుల వైపు కూర్చునేవాళ్లెవరు! ఆట మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా అందరూ నిలబడే ఉంటారు. 48-7 తేడాతో గెలిచాం. ఎందుకు గెలిచామో ఆ రాత్రి నాకు తెలియలేదు.

తెలియజెప్పినవాడు మా డిపార్ట్‌మెంట్‌లో నాతోపాటు పేపర్లు దిద్దే మెసా కుర్రాడు. పక్క ఊరివాడు, పుట్టినప్పటి నుంచీ ఈ జట్టు అభిమాని. కాగితం మీద గీత గీసి మొదలుపెట్టాడు. మైదానం నూరు గజాలు. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు, వాటిని డౌన్లు అంటారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు జరిగితే మళ్లీ నాలుగు దక్కుతాయి. జరగకపోతే బంతి అవతలివాళ్లది. అందుకే సాధారణంగా నాలుగో ప్రయత్నంలో బంతిని దూరంగా తన్నేస్తారు, లేదా గోలు దగ్గరగా ఉంటే దాని స్తంభాల మధ్యకు తన్ని, అంటే ఫీల్డ్ గోల్ కొట్టి, మూడు పాయింట్లు తీసుకుంటారు. బంతితో చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఆ తర్వాత బంతిని తన్ని ఒక పాయింటు అదనంగా సంపాదించవచ్చు. ధైర్యముంటే మళ్లీ గీత దాటి రెండు సంపాదించవచ్చు. ఇంతవరకు ఎవరైనా చెప్పగలరు.

అతను చెప్పిన అసలు మాట వేరు. “బంతి వెంట చూపు పరుగెత్తనివ్వకు. ముందు వరుసలో వంగి నిలబడే ఐదుగురిని చూడు” అన్నాడు. నడుమ ఉన్నవాడు ఆట మొదలుపెడుతూ బంతిని వెనక్కి అందించడం తప్ప, ఆ ఐదుగురూ బంతి ముట్టుకోరు. వాళ్ల పేర్లు ఎవరూ అరవరు. కానీ బంతి కదలగానే వాళ్లు ఒక్కసారిగా ముందుకు తోశారంటే ఎవరో బంతితో పరుగెత్తబోతున్నారని అర్థం. వెనక్కి ఒక అడుగు వేసి చేతులు చాపి గోడ కట్టారంటే, ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ బంతిని విసరబోతున్నాడని అర్థం. అప్పుడప్పుడూ కావాలనే వెనక్కి తగ్గినట్టు నటించి, పరుగుకు దారి తీస్తారు. ఈ ఒక్క సంగతి తెలిశాక నాకు ఆట మొత్తం మారిపోయింది. అంతవరకు ఒకరి మీద ఒకరు పడే గుంపు అనుకున్నదాంట్లో, కొద్ది సెకన్లు సాగే ప్రతి ప్రయత్నంలోనూ ఒక పథకం విప్పుకోవడం కనిపించింది. మధ్యలో వచ్చే ఆ విరామాలు కూడా అప్పుడే అర్థమయ్యాయి. పేకాటలో ముక్కలు సర్దుకునే వ్యవధి అది, ఆట ఆగిపోవడం కాదు.

రెండో వారం మిసిసిపీ స్టేట్ వచ్చింది. అమెరికా దక్షిణాదిలోని పెద్ద కాన్ఫరెన్స్ నుంచి వచ్చిన జట్టు. ఆ రాత్రి క్యామ్ స్కాటబూ అనే రన్నింగ్ బ్యాక్ ఒక్కడే బంతితో 262 గజాలు పరుగెత్తాడు. మంచి ఆధిక్యం కరిగిపోతూ వచ్చినా 30-23తో నిలబడ్డాం. స్కాటబూ పెద్ద వేగగాడు కాదు. ఇద్దరు పట్టుకున్నా మూడోవాడు వచ్చేదాకా పడడు. పడేటప్పుడు కూడా ముందుకే పడతాడు, ఇంకో రెండు గజాలు వస్తాయని. కాలిఫోర్నియాలో హైస్కూలు ముగించినప్పుడు పెద్ద యూనివర్సిటీలు అతన్ని పట్టించుకోలేదు. శాక్రమెంటో స్టేట్ అనే చిన్న స్థాయి జట్టులో ఆడి, అక్కడి నుంచి ఇక్కడికి మారాడు.

అరిజోనాలో గడియారాలను వేసవికి ఒకలా, చలికాలానికి ఒకలా తిప్పరు. ఒంగోలుకూ మాకూ ఏడాది పొడుగునా పన్నెండున్నర గంటల తేడా. శనివారం రాత్రి ఏడున్నరకు ఇక్కడ ఆట మొదలైతే అక్కడ ఆదివారం ఉదయం ఎనిమిది. నాన్న కాఫీ తాగే వేళ. మ్యాచ్ ముగిశాక స్కాటబూ పరుగుల వీడియో పంపించాను. నాన్న కుర్రతనంలో కబడ్డీ బాగా ఆడేవారట. చూసి వెంటనే ఫోన్ చేశారు. “ఇతను అచ్చం రెయిడరమ్మా. నలుగురు మీద పడ్డా గీత అందుకోవాలన్నదే వాడి ధ్యాస. ఎవరమ్మా ఈ అబ్బాయి?” అని అడిగారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం నాన్నతో మాటలు చదువుతో కాక స్కాటబూతో మొదలయ్యేవి. అమ్మకు అది అంతగా నచ్చలేదు.

ఈ జట్టు కోచ్ గురించి కాస్త చెప్పాలి. కెన్నీ డిలింగ్‌హామ్ పక్కనే ఉన్న స్కాట్స్‌డేల్‌లో పెరిగాడు, ఇదే యూనివర్సిటీలో చదివాడు. 2022 నవంబరులో జట్టు పగ్గాలు అప్పగించేనాటికి అతనికి 32 ఏళ్లు. మొదటి రోజు విలేకరుల ముందు మాట్లాడుతూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఫీనిక్స్ చుట్టూ ఉన్న ఊళ్లన్నిటినీ కలిపి ఇక్కడివాళ్లు వ్యాలీ అంటారు. ఆ వ్యాలీ మొత్తాన్నీ ఈ జట్టు వెనక నిలబెట్టాలన్నది అతని నినాదం. అతని తొలి ఏడాది, 2023లో, పాత యాజమాన్యం కాలంనాటి నియమ ఉల్లంఘనల కారణంగా సీజన్ చివర్లో బాగా ఆడిన జట్లకు దక్కే బౌల్ మ్యాచ్ ఆడకూడదని యూనివర్సిటీ తనకు తానే నిషేధం విధించుకుంది. అంటే ఆ కుర్రాళ్లు ఏడాదంతా ఏ గమ్యమూ లేకుండా ఆడి, తొమ్మిది మ్యాచులు ఓడారు. 2024లో ఆటగాళ్లు ఒక యూనివర్సిటీ నుంచి ఇంకో దానికి మారే ట్రాన్స్‌ఫర్ పద్ధతిని అతను బాగా వాడుకున్నాడు. క్వార్టర్‌బ్యాక్ శామ్ లెవిట్ మిషిగన్ స్టేట్ నుంచి ఆ ఏడాదే వచ్చాడు. బంతులు అందుకునే జోర్డన్ టైసన్ అంతకుముందే కొలరాడో నుంచి వచ్చి, గాయం మానేదాకా ఎదురుచూసినవాడు. ఆటగాళ్లు ఇలా ఏటా మారిపోతే జట్టు మీద ప్రేమ ఎలా నిలుస్తుందని చాలామంది వాపోతారు. నాకు అలా అనిపించలేదు. పుట్టిన ఊరు వదిలి ఇంకో చోట తమకు విలువ దొరుకుతుందేమోనని వచ్చినవాళ్లే ఆ స్టేడియంలో నా చుట్టూ కూడా ఉన్నారు.

మూడో వారం టెక్సస్ స్టేట్ మీద 31-28. నాలుగో వారం టెక్సస్ టెక్ చేతిలో 22-30తో తొలి ఓటమి. ఒక వారం విరామం తర్వాత కాన్సస్‌తో మ్యాచ్‌లో చివరి నిమిషంలో లెవిట్ విసిరిన బంతిని టైసన్ అందుకుని టచ్‌డౌన్ చేశాడు, 35-31. ఆ తర్వాతి శుక్రవారం దేశంలో 16వ ర్యాంకులో ఉన్న ఉటాను 27-19తో ఓడించాం. క్యాంపస్‌లో మాటల తీరు మారడం అప్పుడే గమనించాను. బస్సులో, గ్రంథాలయంలో, లైట్ రైలులో, ఎవరి నోట విన్నా శనివారం సంగతే.

అక్టోబరు 19న సిన్సినాటి వెళ్లి 14-24తో ఓడిపోయాం. లెవిట్ గాయంతో ఆడలేదు, ఫీల్డ్ గోల్స్ తప్పాయి. మ్యాచ్ ముగియగానే డిలింగ్‌హామ్, సోమవారం కిక్కర్ల కోసం ఎంపిక పరీక్ష పెడతామని, తన్నగలిగిన విద్యార్థులు ఎవరైనా రావచ్చని అందరి ముందూ చెప్పాడు. దేశమంతా ఆ మాట చెప్పుకుని నవ్వుకుంది. నాకు మాత్రం కష్టం వేసింది. డిలింగ్‌హామ్‌ను ఎంత ఇష్టపడినా, ఆ మాట అక్కడ అనకూడదని ఇప్పటికీ నా అభిప్రాయం. బంతిని గోలులోకి తన్నలేకపోయిన ఆ కుర్రాడు సోమవారం మాలాగే క్లాసుకు రావాలి. కోచ్‌కు కోపం వస్తుంది, రావాలి కూడా. కానీ జట్టులో అందరికంటే ఒంటరిగా పనిచేసే మనిషి కిక్కర్. తప్పితే కప్పుకోవడానికి పక్కన ఎవరూ ఉండరు.

ఆ ఓటమి తర్వాత విరామ వారం వచ్చింది. నా మిడ్‌టర్మ్ పరీక్షలు, ప్రాజెక్టు గడువు కూడా అప్పుడే. తిరిగి మైదానంలోకి దిగాక జట్టు ఇంకోలా కనిపించింది. ఓక్లహోమా స్టేట్‌ను వాళ్ల ఊళ్లోనే 42-21తో ఓడించారు. ఆ ఆరో గెలుపుతో బౌల్ మ్యాచ్ అర్హత దక్కింది. ఆ మ్యాచ్‌లో స్కాటబూ పరుగులోనూ, అందుకున్న బంతుల్లోనూ విడివిడిగా నూరు గజాలు దాటాడు. తర్వాతి వారం అతనికి గాయం. అతను లేకుండానే యూసీఎఫ్ మీద 35-31. ఆ గెలుపుకు నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇస్తాను. ఒక్కడి మీద ఆధారపడిన జట్టు అనే మాట ఆ రోజుతో పోయింది. కాన్సస్ స్టేట్‌కు వెళ్లి 24-14తో గెలిచి వచ్చాక, విలేకరులు ఇచ్చే జాతీయ ర్యాంకుల్లో మా జట్టు 21వ స్థానంలో కనిపించింది.

నవంబరు 23న టెంపీకి బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ జట్టు వచ్చింది. వాళ్లది 14వ ర్యాంకు. స్టేడియం నిండిపోయింది. ఆగస్టులో నా ముందు ఖాళీగా ఉన్న వరుసల్లో ఇప్పుడు కాలు పెట్టే చోటు లేదు. సగం ఆటకు 21-3 ఆధిక్యం. రెండో సగంలో అది గజం గజం కరిగి, చివరికి 28-23 అయింది. మా చేతిలో బంతి ఉంది, గడియారంలో కొన్ని సెకన్లు మిగిలాయి. నాలుగో డౌన్‌లో లెవిట్ బంతిని వీలైనంత ఎత్తుగా, దూరంగా గీత బయటికి విసిరాడు, అది నేల తాకేలోగా సమయం అయిపోవాలని. అయిపోయిందనే అందరూ అనుకున్నారు. విద్యార్థులు గోడ దూకి మైదానంలోకి దిగారు. వరంగల్ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని లాగింది. మేము మెట్ల సగం దాకా వెళ్లామో లేదో, ఒక్క సెకను మిగిలి ఉందని అంపైర్లు తేల్చారు.

వేలమందిని మళ్లీ గీతల బయటికి పంపాలి. మైకులో బతిమాలుతున్నారు, పోలీసులు వరుస కడుతున్నారు. కొందరు నవ్వుతూ వెనక్కి నడుస్తున్నారు, కొందరి ముఖాలు పాలిపోయాయి. నా వెనక నిలబడ్డ పెద్దాయన తల పట్టుకుని, ఈ ఊరికి ఇలాంటివే జరుగుతాయని గొణుక్కున్నాడు. పావుగంట దాకా పట్టినట్టుంది. బ్రిగమ్ యంగ్ క్వార్టర్‌బ్యాక్ ఉన్న బలమంతా పెట్టి బంతిని విసిరాడు. వాళ్ల ఆటగాడే గాల్లో దాన్ని అందుకున్నాడు. గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. కానీ అందుకున్నది గీతకు కొన్ని గజాల ఇవతల. అక్కడే పడేశారు. ఈసారి మైదానంలోకి దిగడానికి ఎవరి అనుమతీ అవసరం లేకపోయింది. నేనూ దిగాను. గడ్డి మీద కాలు పెట్టాక మొదట ఆశ్చర్యపరిచింది ఆ మైదానం చిన్నతనం. పై వరుస నుంచి ఎంతో పెద్దగా కనిపించే ఆ గజాలు, దగ్గరికి వెళితే మనిషి నాలుగు అంగలేస్తే దాటేటన్ని.

థ్యాంక్స్‌గివింగ్ వారం మెసా కుర్రాడు తన ఇంటికి పిలిచాడు. నవంబరు 30న టూసాన్‌లో అరిజోనా యూనివర్సిటీతో మ్యాచ్. ఈ రెండు జట్ల మధ్య తిరిగే టెరిటోరియల్ కప్ 1899 నాటిది. అరిజోనా అప్పటికింకా రాష్ట్రం కూడా కాలేదు. అంతకుముందు ఏడాది వాళ్లు మా ఊరికి వచ్చి 59-23తో ఓడించి వెళ్లారు. ఆ ఇంట్లో ఆ యూనివర్సిటీ పేరు ఎవరూ పలకరు, దక్షిణానివాళ్లు అంటారు. ఈసారి 49-7. కుర్రాడి తండ్రి ఒక్కో టచ్‌డౌన్‌కూ లేచి నిలబడి, మళ్లీ జాగ్రత్తగా కూర్చునేవాడు. గెలుపు ఖాయమయ్యాక కూడా ఆయన ముఖంలో భయం పోలేదు.

ఎందుకో తర్వాత చెప్పాడు. 1996లో ఈ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా రోజ్ బౌల్‌కు వెళ్లింది. 1997 జనవరి 1న ఒహాయో స్టేట్ మీద ఆధిక్యంలో ఉండగా, 19 సెకన్లు మిగిలి ఉన్నప్పుడు అవతలివాళ్లు టచ్‌డౌన్ చేసి 20-17తో గెలిచారు. ఆయన ఆ రోజు స్టాండ్స్‌లో ఉన్నాడు. ఆ జట్టులోనే ప్యాట్ టిల్‌మన్ ఉండేవాడు, 42వ నంబరు చొక్కాతో. ఆ తర్వాత వృత్తి ఆటగాడై, ఆ జీతాన్ని వదులుకుని 2002లో సైన్యంలో చేరాడు. 2004లో అఫ్గానిస్తాన్‌లో తోటి సైనికుల తూటాలకే పొరపాటున బలయ్యాడు. స్టేడియంలో అతని కంచు విగ్రహం ఉంది. మైదానంలోకి వచ్చేటప్పుడు ఆటగాళ్లు దాన్ని తాకి వస్తారు. సీజన్ మొదటి నుంచి నేను ఆ దృశ్యం చూస్తూనే ఉన్నాను. అదేదో ఆనవాయితీ అనుకున్నాను తప్ప, ఆ తాకిడిలో ఉన్నదేమిటో ఆ రాత్రి మెసాలో తెలిసింది.

టూసాన్ మ్యాచ్‌లోనే టైసన్ గాయపడ్డాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. ఇక ఆ సీజన్‌లో ఆడలేదు. అట్లాంటాలో జరిగిన ఆఖరి మ్యాచ్ ఫలితం గురించి మాట్లాడేవాళ్లు ఈ మాట మరిచిపోతారు.

ఏడు గెలుపులు, రెండు ఓటములతో నాలుగు జట్లు కాన్ఫరెన్స్ పట్టికలో సమానంగా నిలిచాయి. సమం తేల్చే నియమాల ప్రకారం ఫైనల్‌కు మేము, అయోవా స్టేట్ ఎంపికయ్యాం. డిసెంబరు 7న టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో ఆట. మా పెద్దమ్మ కూతురు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటుంది. తర్వాతి వారమే సెమిస్టరు పరీక్షలు. పుస్తకం విమానంలో చదువుకున్నాను. అక్క వంట చేసి పెట్టింది, బావ స్టేడియానికి తీసుకువెళ్లాడు. డాలస్ ప్రాంతంలో అంతమంది తెలుగువాళ్లున్నా ఆ రోజు మా వరుసలో తెలుగు మాట్లాడింది మేమిద్దరమే. ఆ స్టేడియం డాలస్ కౌబాయ్స్‌ది, బావ వాళ్ల అభిమాని. కాలేజీ ఆటను ఏనాడూ పట్టించుకోలేదు. మూడో క్వార్టర్ ముగిసేసరికి గొంతు పోగొట్టుకున్నాడు. స్కాటబూ 170 గజాలు పరుగెత్తాడు. 45-19. పదహారో స్థానం అన్న జట్టు మొదటి స్థానంలో నిలిచింది. పసుపు, ముదురెరుపు కాగితపు ముక్కలు పైనుంచి కురుస్తుంటే డిలింగ్‌హామ్ కుర్రాళ్లను కౌగిలించుకుంటూ తిరిగాడు. బావ అక్కకు వీడియో కాల్ చేసి, ‘చూడు, వీళ్లను చూడు’ అంటూ ఊపిరి ఆడకుండా చెప్పాడు.

జాతీయ టైటిల్ కోసం పన్నెండు జట్లతో పోటీ జరిగిన మొదటి ఏడాది అది. అంతకుముందు నాలుగే ఉండేవి. మెరుగైన ర్యాంకులున్న నలుగురు కాన్ఫరెన్స్ విజేతలకు ఆ ఏడాది మొదటి రౌండు ఆడనక్కర్లేకపోయింది. మాకు నాలుగో స్థానం దక్కింది. ర్యాంకులో 12వ జట్టుకు అంత మర్యాద ఏమిటని టీవీ విశ్లేషకులు వారాల తరబడి సణిగారు. పన్నెండు మ్యాచుల తర్వాత కాన్ఫరెన్స్ గెలిచినవాళ్లకు ఆ మర్యాద ఉండాల్సిందే. ఆ సణుగుడికి జవాబు అట్లాంటాలో అందరూ చూశారు.

2025 జనవరి 1, అట్లాంటాలో పీచ్ బౌల్ పేరుతో జరిగిన క్వార్టర్ ఫైనల్, ప్రత్యర్థి టెక్సస్. ఇక్కడ ఉదయం పదకొండు, ఒంగోలులో రాత్రి పదకొండున్నర. మా గదిలో నేను, వరంగల్ అమ్మాయి, నెల్లూరు అమ్మాయి, మెసా కుర్రాడు. ఫోన్‌లో నాన్న. మొదటి క్వార్టర్లోనే 3-14. నాలుగో క్వార్టర్ మొదట్లో 8-24. టీవీలో వ్యాఖ్యాతలు తర్వాతి రౌండులో టెక్సస్ ఎవరితో ఆడుతుందో మాట్లాడుకుంటున్నారు. అప్పుడు స్కాటబూ బంతి అందుకుని పరుగెత్తబోయినట్టే కదిలి, ఆగి, 42 గజాల దూరం విసిరాడు. మలిక్ మెక్‌క్లెయిన్ అందుకుని గీత దాటాడు. రెండు పాయింట్ల ప్రయత్నం కూడా ఫలించింది. కాసేపటికి స్కాటబూయే ఇంకో టచ్‌డౌన్. మళ్లీ రెండు. 24-24. అంతకుముందు అతను మైదానం పక్కన వాంతి చేసుకోవడం కూడా చూశాం.

ఆ తర్వాత జరిగినది నేను ఇప్పటికీ సరిగా జీర్ణించుకోలేదు. టెక్సస్ ఒక ఫీల్డ్ గోల్ తప్పింది. బంతి మాకు వచ్చింది. ఆట ఇంకా నిమిషం పైగా ఉండగా, మెల్క్వాన్ స్టోవల్ బంతి అందుకున్న మరుక్షణం ప్రత్యర్థి ఆటగాడు తల ముందుకు పెట్టి వచ్చి అతన్ని గుద్దాడు. ఈ ఆటలో దాన్ని టార్గెటింగ్ అంటారు. పదిహేను గజాల శిక్ష, కొత్తగా నాలుగు డౌన్లు. అంపైర్లు వీడియో చూసి, తప్పేమీ లేదన్నారు. నేను ఆ వీడియోను ఆ తర్వాత నిదానంగా మళ్లీ మళ్లీ చూశాను. నా మనసులో సందేహం లేదు. అది టార్గెటింగే. శిక్ష పడి ఉంటే బంతి టెక్సస్ సగంలో ఉండేది, ఒక్క ఫీల్డ్ గోల్ చాలేది. తప్పక గెలిచేవాళ్లమని అనను. గెలిచే అవకాశం మా చేతుల్లో ఉండాల్సింది. ఆఖరి క్షణంలో టెక్సస్ కొట్టిన మరో ఫీల్డ్ గోల్ స్తంభానికి తగిలి పోయింది.

ఓవర్ టైమ్‌లో ఒక్కో జట్టుకు 25 గజాల దూరం నుంచి ఒక అవకాశం ఇస్తారు. స్కాటబూ మళ్లీ గీత దాటాడు, 31-24. టెక్సస్‌ను నాలుగో డౌన్ దాకా నెట్టారు. వాళ్లకు ఇంకా 13 గజాలు కావాలి. ఆ ఒక్క ప్రయత్నం ఆపితే సెమీఫైనల్. క్విన్ ఇయర్స్ విసిరిన బంతిని మాథ్యూ గోల్డెన్ అందుకుని 28 గజాల టచ్‌డౌన్ చేశాడు. పక్కన మెసా కుర్రాడు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. వాళ్ల నాన్న 19 సెకన్ల కథ చెప్పినప్పుడు కూర్చున్నట్టే. రెండో ఓవర్ టైమ్‌లో టెక్సస్ టచ్‌డౌన్, రెండు పాయింట్లు. మా వంతులో లెవిట్ విసిరిన బంతిని వాళ్లు లాక్కున్నారు. 31-39. ఒంగోలులో తెల్లవారుజాము. నాన్న ఆఖరిదాకా మేలుకునే ఉన్నారు. “ఓడినవాళ్లలోనే గొప్పవాడు ఉన్నాడమ్మా ఇవాళ” అన్నారు. అది నాన్న ఒక్కరి మాటే కాదు. ఆ మ్యాచ్‌లో ఉత్తమ అటాకింగ్ ఆటగాడి బహుమతి ఓడిన జట్టులోని స్కాటబూకే ఇచ్చారు. 143 గజాల పరుగు, 99 గజాల అందుకోలు, ఒక విసురు.

ఆ సీజన్‌లో అతని పరుగు మొత్తం 1,711 గజాలు, పరుగుతో చేసిన టచ్‌డౌన్లు 21. దేశంలో అత్యుత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఓటింగ్‌లో ఐదోవాడు. 2025 ఏప్రిల్‌లో వృత్తి జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే రోజుల్లో మేము ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. మొదటి రోజు అతని పేరు రాలేదు. రెండో రోజూ రాలేదు. పరుగు వేగం చాలదని విశ్లేషకులు ఆపకుండా చెబుతూనే ఉన్నారు. మూడో రోజు నాలుగో రౌండులో, 105వ ఆటగాడిగా, న్యూయార్క్ జెయింట్స్ అతన్ని తీసుకుంది. అతని కంటే ముందు 104 మందిని ఎంచుకున్నారంటే నాకు ఇప్పటికీ మింగుడుపడడం లేదు.